పలకపై చెరగని పాఠములు

తెలుగునాట బిడ్డకు అక్షరాభ్యాసము చేయు శుభదినమున పళ్లెరములో బియ్యము పోసి, చిన్నారి వ్రేలు పట్టి పెద్దలు వ్రాయించు మొదటి మాట శివ పంచాక్షరి. 'ఓం నమః శివాయ సిద్ధం నమః' అని గురువు పలుకగా బిడ్డ మరల పలుకును. 'ఓనమాలు' అను మాట అందుండియే పుట్టినది. చదువురాని వానిని గూర్చి "వానికి ఓనమాలు రావు" అని లోకము పలుకుచున్నది. ఆ మాట అనువాడు శైవుడు కానక్కరలేదు, వినువాడును కానక్కరలేదు. తెలుగువారి చదువునకు శివనామమే తలవాకిలి యని ఆ ఒక్క మాట చాటుచున్నది.

ఆ వాకిలి దాటి లోనికి వెళ్లిన బిడ్డ నేర్చునది ఏమి? బడిలో చెప్పిన పాఠములలో పెక్కు మరపున పడును. ఎక్కములు కొన్ని నిలుచును. పద్యములు కొన్ని నిలుచును. రాజుల పేర్లును, యుద్ధముల తేదులును పరీక్ష దాటగనే జారిపోవును. కాని, ఎవరు ప్రక్కన కూర్చుండనిచ్చిరి, ఎవరు దూరముగ నుండుమనిరి, తప్పు చేసిననాడు గురువు ఏమని మందలించెను, ఆకలిగొన్ననాడు ఎవరు తమ ముద్దలో సగమిచ్చిరి అనునవి ఏబదియేండ్లు గడచినను చెరగవు. ఈ పాఠములకు పుస్తకము లేదు, పరీక్ష లేదు. వీనిని నేర్పుచున్నామని నేర్పువారికి సైతము తెలియదు. మనుష్యుని బ్రతుకును నడపునవి మాత్రము ఇవియే.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ముగ్ధభక్తుల చరితములు చెప్పుచు గొడగూచి యను బాలిక కథను చెప్పియున్నాడు. ఆమె తండ్రి ప్రతిదినము శివునకు పాలు ఆరగింపు చేయువాడు. ఒకప్పుడు ఊరికి పోవుచు ఆ పనిని కూతున కప్పగించెను. ఆమె పాలు కాచి తీసికొనిపోయి లింగము ఎదుట నుంచెను. శివుడు త్రాగలేదు. తన వలన ఏదో అపచారము జరిగినదని ఆ పసిది గోలుగోలున ఏడ్చి, త్రాగకున్నచో ప్రాణము విడుతునని తల బాదుకొనబోయెను. శివుడు కరుణించి పాలు త్రాగెను. నాటినుండి ప్రతిదినము త్రాగుచునే యుండెను. తండ్రి తిరిగి వచ్చి ఈ సంగతి వినెను, నమ్మలేదు. పాలు కూతురే త్రాగి కల్లలాడుచున్నదని ఆగ్రహించి కొట్టబోయెను. బాలిక పరుగెత్తి లింగమును కౌగిలించుకొనగా శివుడామెను తనలో కలుపుకొనెను.

ఈ కథలో భక్తిమహిమ ఒకటే కాదు, పెద్దలకు ఒక హెచ్చరికయు కలదు. శివుడు పాలు ఆరగించునని తండ్రి ఏండ్ల తరబడి పలుకుచుండెను. పలికినవాడు దానిని నమ్మలేదు. విన్న బిడ్డ నమ్మినది. పెద్దలు అలవాటుగ పలుకు మాటను పసివారు సత్యముగ గ్రహింతురు. 'శివుని ఎదుట అందరు సమానులే' అని బిడ్డకు చెప్పిన తండ్రి, ఆ బిడ్డ ఒకనాడు ఆ మాటను నిజముగ నమ్మి ఇంటికి వచ్చినప్పుడు ఏమి చేయును? మెచ్చుకొనునా, కొట్టబోవునా? ప్రతి గృహమునందును ఈ ప్రశ్న ఏదో ఒకనాడు ఎదురగును.

బసవేశ్వరుని బాల్యమును తలచుకొందము. బాగేవాడిలో మాదిరాజు, మాదాంబల ముద్దుబిడ్డడు ఆయన. తండ్రి ఉపనయనమునకు సిద్ధపరుపగా ఆ బాలుడు అంగీకరింపలేదు. శివభక్తునకు కులమును గుర్తుచేయు సంస్కారముతో పని లేదని నిలిచెను. ఇల్లు విడిచి కూడలసంగమమునకు చేరి అచ్చట విద్యాభ్యాసము చేసెను. ఆయన అచ్చట శాస్త్రములు చదివెననుటలో సందేహము లేదు. అయినను తరువాతి కాలమున కల్యాణ నగరమున ఆయన స్థాపించిన అనుభవమంటపమును చూచినచో, ఆ విద్యాభ్యాస దశలో ఆయన మనసున నాటుకొనినదేమో తెలియును. అల్లమప్రభువు అధ్యక్షుడుగ ఆ మంటపమున మంత్రియు, మడివాలుడును, పడవ నడుపువాడును, చెప్పులు కుట్టువాడును ఒక్కచోట కూర్చుండి తత్త్వవిచారము చేసిరి. అక్కమహాదేవి వంటి స్త్రీలు అచ్చట నిలిచి ప్రశ్నించిరి, ప్రత్యుత్తరములిచ్చిరి. పన్నెండవ శతాబ్దిలో లోకమున అట్టి పాఠశాల అరుదు.

కూడలసంగమమున మలప్రభను తనలో కలుపుకొన్న కృష్ణానది శ్రీశైలమల్లికార్జునుని పాదముల చెంత ప్రవహించి, మాచర్ల, గురజాల సీమల నొరసికొనుచు సముద్రమునకు సాగుచున్నది. కల్యాణమున అనుభవమంటపము వెలసిన ఆ పన్నెండవ శతాబ్దిలోనే, ఈ నదీతీరమున పల్నాటిలో బ్రహ్మనాయుడు చాపకూడు నడిపెను. కులభేదము లేక అందరును ఒకే చాపపై కూర్చుండి భుజించుటయే చాపకూడు. అంత్యజుడని లోకము దూరముంచిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కుమారునివలె చేరదీసి సేనానిని చేసెను. బసవేశ్వరుడు శివభక్తుడు, బ్రహ్మనాయుడు మాచర్ల చెన్నకేశవుని భక్తుడు. ఇరువురి దైవములు వేరు, మార్గములు వేరు. ఇరువురును మనుష్యులను కూర్చుండబెట్టిన పంక్తి మాత్రము ఒక్కటే. బసవని చరితమును సోమనాథుడును, పల్నాటి వీరుల చరితమును శ్రీనాథుడును ద్విపదలోనే వ్రాసిరి. సామాన్యులు పాడుకొనదగిన ఛందస్సు అది. అనగా ఈ పాఠము పండితులకు మాత్రమే కాక పల్లెలకును చేరవలెనని ఆ కవులు తలచిరి.

చేరినదా? చేరి నిలిచినదా? ఏడువందల ఏండ్ల తరువాత అదే సీమలో ఒక బాలుడు బడికి పోయినాడు. అతని కథయే దీనికి సమాధానము చెప్పగలదు.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగ ఏర్పడిన పల్నాడు జిల్లాలో వినుకొండ చేరియున్నది. ఆ వినుకొండలో 1895 సెప్టెంబరు 28వ తేదీన గుర్రం జాషువ జన్మించెను. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. వారి కులములు వేరు. శరణుల చరిత్ర నెరిగినవారికి ఇచ్చట కల్యాణము గుర్తునకు రాక తప్పదు. మాదార హరళయ్య కుమారునకు, బ్రాహ్మణుడుగ పుట్టిన మధువరసు కుమార్తెకు శరణులు వివాహము చేసిరి. అందుకై హరళయ్య, మధువరసులు బిజ్జలుని క్రూరశిక్షకు ప్రాణములర్పించిరి. ఎట్టి వివాహమును నిలుపుటకు శరణులు ప్రాణములొడ్డిరో, అట్టి కులాంతర వివాహమున పుట్టిన బిడ్డను ఇరువదవ శతాబ్ది వాకిట తెలుగు సమాజము అవమానములతో ఎదుర్కొనెను.

ఆ బాలునకు బడియే మొదటి పరీక్ష యయ్యెను. తోటిపిల్లలు కులము పేరెత్తి హేళన చేసిరి. ఉపాధ్యాయుల వలనను అవమానములు తప్పలేదు. ఆ పసివాడు తలవంచి ఊరకుండలేదు. హేళన చేసినవారిపై తిరుగబడెను. పెద్దవాడై మహాకవిగ ప్రసిద్ధి చెందిన పిమ్మట, తనకు గురువులిద్దరని, ఒకరు పేదరికము, రెండవవారు కులమతభేదమని ఆయన చెప్పుకొనెను. మొదటి గురువు సహనమును నేర్పెననియు, రెండవ గురువు ఎదిరించు శక్తినిచ్చెనే గాని తనను బానిసను చేయలేకపోయెననియు ఆయన భావము. గురువు అను పవిత్రమైన మాటను ఒక మనుష్యుడు అట్టి అనుభవములకు వాడవలసి వచ్చినదనిన, అది ఆయనకు గౌరవమే, ఆ సమాజమునకు మాత్రము సిగ్గు.

అయితే ఆ బాల్యమున మరియొక పాఠమును గలదు. ఆయనకు దీపాల పిచ్చయ్యశాస్త్రి యను బాలుడు స్నేహితుడయ్యెను. నాటి తెలుగుదేశమున తిరుపతి వేంకటకవులు మొదలగు జంటకవుల ప్రాభవము మిక్కుటముగ నుండెను. ఈ ఇద్దరు బాలురును తామును జంటకవులు కావలెనని ముచ్చటపడిరి. తమ పేర్లను ఎట్లు జతపరచినను చెవికి పొసగకపోగా ఆ ప్రయత్నమును మానుకొనిరి. పేర్లు కలియలేదు గాని మనసులు కలిసినవి. పిచ్చయ్యశాస్త్రియు కవిగ ప్రసిద్ధి చెందెను. కులము అడ్డుగోడ కాదని ఒక బాలునకు ఇంకొక బాలుడు నేర్పిన పాఠమిది.

మూడవది గురువు నేర్పినది. జూపూడి హనుమచ్ఛాస్త్రి యొద్ద జాషువ మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చదివెను. సంస్కృత కావ్యము అందరికిని తగదని తలచువారు మెండుగనున్న దినములవి. ఆ దినములలో ఒక పండితుడు ఆ విద్యార్థిని దూరముంచక కాళిదాసు కావ్యములు పాఠము చెప్పెను. ఆ పాఠము ఫలించుటకు కొన్ని దశాబ్దములు పట్టెను.

జాషువ బ్రతుకుదెరువు సులభముగ సాగలేదు. మిక్కిలిపాడు గ్రామమున నెలకు 3 రూపాయల జీతముపై బడిపంతులుగ కుదిరి, వినుకొండనుండి దినదినము నడచి వెళ్లెను. ఆ కొలువును పోయెను. 1915-16 ప్రాంతమున రాజమహేంద్రవరము చేరి, మూకీ చిత్రములు ఆడుచుండగా ప్రేక్షకులకు కథను, సంభాషణలను చదివి వినిపించు పని చేసెను. పిమ్మట గుంటూరులో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పది సంవత్సరములు బోధించెను. 1928 నుండి 1942 వరకు తెలుగు పండితుడుగ పనిచేసెను. బడిలో అవమానింపబడినవాడు బడిపంతులై బిడ్డలకు అక్షరములు దిద్దించెను. కష్టము మనుష్యుని కఠినుని చేయవచ్చును, కరుణామయుని చేయవచ్చును. బడిలో ఒక్క స్నేహితుడైన, ఒక్క గురువైన దొరికినచో రెండవదానికే అవకాశము మెండు.

యౌవనమున వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో జాషువ పద్యములు చదువగా, ఇట్టివానిని సభలోనికి ఎందుకు రానిచ్చితిరని కొందరు అవమానించిరి. తరువాతి కాలమున మహాపండితుడగు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రియే స్వహస్తములతో ఆయన పాదమునకు గండపెండేరము తొడిగెను. మనుష్యుని సభలోనికి రానీయనివారి పేర్లు లోకమునకు గుర్తులేవు. వంగి ఆయన పాదమును తాకినవాని పేరు నిలిచియున్నది.

1941లో జాషువ 'గబ్బిలము' వ్రాసెను. మేఘసందేశమున యక్షుడు ప్రియురాలికి మేఘముచేత సందేశము పంపెను. గబ్బిలమున అంటరానివాడని వెలివేయబడిన ఒక పేదవాడు కాశీవిశ్వేశ్వరునకు గబ్బిలముచేత సందేశము పంపుచున్నాడు. గబ్బిలమే ఎందుకు? తాను దేవాలయమున అడుగు పెట్టరాదు. గబ్బిలము గర్భగుడి కప్పునందే నివసించును. అర్చకుడు లేని అదను చూచి శివుని చెవిలో తన గోడు చెప్పుమని అతడు దానిని వేడుకొనుచున్నాడు. హనుమచ్ఛాస్త్రి చెప్పిన కాళిదాసు పాఠమును, బడిలో తగిలిన కులపు దెబ్బయును ఈ కావ్యమున ఒక్కటై కలిసినవి. చదువుకొను వయసున మనసున పడిన రెండు విత్తనములు ఒక్క చెట్టుగ మొలచుటకు అంతకాలము పట్టినది.

శరణ బంధువులారా! ఆ సందేశము వ్రాయబడినది ఎవరికి? శివునకు. శివుడు గుడిలోపల నున్నాడు, భక్తుడు వెలుపల నున్నాడు, నడుమ ఒక గబ్బిలము రాయబారము నడుపవలసి వచ్చినది. ఈ దుస్థితిని తొలగించుటకే గదా బసవేశ్వరుడు ఇష్టలింగమును భక్తుని అరచేత నుంచినది! దేహమే దేవాలయమని బోధించినది! గుడితలుపు మూసినను, తెరచినను ఇష్టలింగధారికి లెక్క లేదు; నడుమ ఎవరి సిఫారసును అక్కరలేదు. జాషువ గబ్బిలముచేత పంపిన మొరకు బసవేశ్వరుడు ఏడువందల ఏండ్లకు ముందే సమాధానము చెప్పియున్నాడు. అట్టి సమాధానమును మెడలో ధరించి తిరుగువారి ఇండ్లలో, బిడ్డ వెంటబెట్టుకొని వచ్చిన స్నేహితుని "మీరేమిట్లు?" అని అడిగిన పిదప మంచినీళ్లు ఇచ్చు ఆచారము కొనసాగినచో, మెడలోని లింగము ఏమని తలచును? బిడ్డ ఏమని నేర్చును? ఒక్క ప్రశ్నతో ఇరువురు బాలురకు పాఠము చెప్పినట్లగును. ఒకడు తాను ఎక్కువ యనియు, వేరొకడు తాను తక్కువ యనియు నేర్తురు. రెండును అసత్యములే.

జాషువ నేర్చిన పాఠము ఆయనతో ఆగలేదు. ఆయన కుమార్తె హేమలతా లవణం 1932లో జన్మించి 2008లో పరమపదించెను. దేవుని పేర బాలికలను బలిచేయు జోగినీ దురాచారమును రూపుమాపుటకును, స్టువర్టుపురమున నేరస్థులని ముద్రవేయబడిన కుటుంబములను మార్చుటకును ఆమె శ్రమించెను. జోగినీ, దేవదాసీ ఆచారములను నిషేధించుచు 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టము వెలువడెను. తండ్రి బడిలో పొందిన గాయము కుమార్తె చేతిలో ఔషధమైనది.

నేటి బడులలో పరిస్థితి మారియున్నది. 2001 నవంబరు 28వ తేదీన సుప్రీంకోర్టు ప్రభుత్వ పాఠశాలల బాలబాలికలకు వండిన అన్నము పెట్టవలెనని ఆదేశించెను. ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుండి మధ్యాహ్న భోజనము నడచుచున్నది. 2024లో దానికి డొక్కా సీతమ్మ పేరుంచిరి. గోదావరి సీమలో ఆకలితో వచ్చినవారికి వేళ యనక, కులమనక అన్నము పెట్టిన తల్లి ఆమె. మాచర్లలోనైన, గురజాలలోనైన మధ్యాహ్నపు గంట మ్రోగగనే బిడ్డలు కంచములు చేతబట్టి ఒకే వరుసలో కూర్చుండుచున్నారు. బ్రహ్మనాయుని చాపకూడు మరల పరువబడినది. ఆ పంక్తిలో తమ బిడ్డ కూర్చుండుట నామోషీ యని తలచు తల్లిదండ్రులు, ఆ అన్నములోని దాసోహ తత్త్వమును తెలిసికొనవలెను. పదార్థము రుచిగ, శుచిగ లేనిచో అడుగుట ధర్మమే. పంక్తిని తప్పించుట మాత్రము ధర్మము కాదు.

బడిదినములలో నేర్వవలసిన వేరొక పాఠమును శరణురాలు ఆయ్దక్కి లక్కమ్మ నేర్పినది. ఆమె భర్త మారయ్య నేలరాలిన బియ్యపుగింజల నేరుకొని వచ్చి, ఆ బియ్యముతో జంగమదాసోహము చేయు కాయకజీవి. ఒకనాడు అతడు అవసరమును మించి బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు, ఎక్కువైన దానిని ఎచ్చట తెచ్చితివో అచ్చటనే విడిచి రమ్మని పంపెను. తనది కానిది పిడికెడైనను ఇంటికి రారాదని ఆమె నిష్ఠ. పదవ తరగతి పరీక్షలో ప్రక్కవాని జవాబు చూచి వ్రాసి, మంచి మార్కులు తెచ్చిన బిడ్డను చూచి మురియు తల్లి లక్కమ్మను తలచుకొనుట మంచిది. దొంగిలించిన మార్కును ఎక్కువైన బియ్యమే. దానిని మెచ్చుకొన్నచో, కాయకము లేకయే ఫలము దక్కునను పాఠమును బిడ్డ జీవితాంతము మరువడు.

కాయకమున ఎక్కువ తక్కువలు లేవనియు బడియందే తెలియవలెను. తరగతిగది ఊడ్చుట, నీళ్లు తెచ్చుట, చెట్లకు పాదులు చేయుట మొదలగు పనులు అందరి వంతునకును రావలెను. ఎల్లప్పుడు కొందరు బిడ్డలే చీపురు పట్టుచు, కొందరు బిడ్డలే వేదికపై పుష్పగుచ్ఛములు పట్టుచున్నచో, అచ్చట గోడపై ఎన్ని నీతివాక్యములు వ్రాసినను నిష్ప్రయోజనము. బిడ్డ గోడను చదువడు, నడవడిని చదువును.

మఠములకును ఈ విషయమున బాధ్యత మిక్కిలి గలదు. కర్ణాటకమున తుమకూరు సిద్ధగంగామఠాధిపతి శ్రీ శివకుమారస్వామివారు 1907లో జన్మించి 2019 జనవరి 21వ తేదీన లింగైక్యము చెందువరకు అన్నము, అక్షరము, ఆశ్రయము అను మూడు దాసోహములను నడిపిరి. వేలకొలది బాలురు కులమత విచక్షణ లేక ఆ మఠమున ఉండి, తిని, చదువుకొనిరి. ఒకే ఆవరణమున ఒకే పంక్తి, ఒకే ప్రార్థన, ఒకే పాఠము. అచ్చట చదివి వెళ్లినవారు ఏ శాస్త్రము మరచినను ఆ పంక్తిని మరువరు. అంత పెద్ద మఠము ప్రతి ఊర నుండదు. కాని ప్రతి ఊర మఠమునకు ఒక అరుగు ఉండును; సాయంకాలము పదిమంది బీదబిడ్డలు దీపము క్రింద కూర్చుండి చదువుకొనుటకు ఆ అరుగు చాలును. వారికి ఎక్కములు చెప్పుటకు ఊరిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చాలును. ఏటేట శివరాత్రికి కోటప్పకొండ ప్రభలకు చందాలిచ్చు చేతులు, ఆ బిడ్డల పలకకు, పుస్తకమునకు కొంత ఇచ్చినచో త్రికోటేశ్వరుడు కాదనడు.

వచ్చు ఏడు బడులు తెరచునాడు ప్రతి శరణ గృహమునందును మూడు నియమములు పాటింపబడుగాక. బిడ్డ స్నేహితుని పేరు అడుగవలెను, కులము అడుగరాదు. బిడ్డ తెచ్చిన మార్కులను చూచుటకు ముందు, అవి ఎట్లు వచ్చినవో అడుగవలెను. బిడ్డను దండించిన గురువును నిందించుటకు ముందు, బిడ్డకు చదువు చెప్పిన గురువునకు నమస్కరింపవలెను. ఇవి కష్టమైన వ్రతములు కావు. నోము నోచనక్కరలేదు, ఉపవాసము చేయనక్కరలేదు. గొడగూచి తండ్రివలె పలికి మరువక, గొడగూచివలె నమ్మి ఆచరించిన చాలును.

బిడ్డ పలకపై మొదట వ్రాసినది శివనామము. ఆ పిదప దానిపై ఇల్లు, బడి, మఠము కలిసి ఏమి వ్రాయునో దానినిబట్టియే రాబోవు తరము ఉండును. ఈ సీమలో పుట్టు ఏ బిడ్డయు ఇకమీదట శివునకు గబ్బిలముచేత మొర పంపుకొనవలసిన అగత్యము లేకుండుగాక.